కప్ప కారు కరుణామణి గారు

మొన్న గురువారం ఉదయం నేను మొక్కలకు నీళ్ళు పోస్తుండగా, కరుణామణి గారింట్లో వంట చేసే సత్యవతి మా గేటు దగ్గరకు పరుగున వచ్చింది. "మాస్టారండీ, ఓసారి రండి. అమ్మగారు ఎంత పిలిచినా పలకట్లేదండీ" అంది. నాలుగిళ్ళ అవతలే ఇల్లు. నేను వెళ్ళేసరికి ఆవిడ ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని, చదువుతూ చదువుతూ నిద్రపోయిన విద్యార్థినిలా ఉన్నారు. డాక్టరు గారు వచ్చి, నిద్రలోనే గుండె ఆగిందన్నారు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఎదురుగా నిలబడి ఏడుస్తున్న సత్యవతికి గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చివ్వడమే ఆ క్షణంలో నాకు చేతనైంది.

కుమారి గ్రేస్ కరుణామణి గారు మా రాజోలు కాలేజీలో భౌతికశాస్త్రం బోధించి, ఎందరో విద్యార్థుల మనసుల్లో జ్ఞానజ్యోతి వెలిగించిన విదుషీమణి. సంతాపసభలో అందరూ ఈ మాటే అన్నారు; అందులో అతిశయోక్తి లేదు. కాని ఈ ప్రాంతం ఆవిడను పిలుచుకున్న పేరు వేరు. కప్ప కారు మేడమ్ గారు. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, నేలకు జానెడెత్తున పాకుతున్నట్టు పోయే పాత విదేశీ స్పోర్ట్స్ కారు ఆవిడది. సఖినేటిపల్లి రోడ్డు మీద ఆ చప్పుడు వినిపిస్తే పొలాల్లో వంగినవాళ్ళు కూడా నడుం ఎత్తి చూసేవారు.

ఆవిడ తాతగారు పరుల పొలాల్లో కూలి చేసిన మనిషి. తండ్రిగారు ఆ ఇంట మొదట అక్షరం నేర్చి బడిపంతులయ్యారు. కరుణామణి గారికి ఉద్యోగం వచ్చిన కొద్దికాలానికే తండ్రి గతించారు. తల్లికి పక్షవాతం వచ్చింది. తమ్ముడు హైదరాబాదులో స్థిరపడ్డాడు. తల్లికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, ఆదివారం చక్రాల కుర్చీలో చర్చికి తీసుకువెళ్ళడం, వీటి మధ్యనే ఆవిడ యౌవనం గడిచిపోయింది. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోయాయి. తల్లి పోయిన మరుసటి ఏడాది, కాకినాడలో తాళం పడిన ఒక బంగళాలో కొబ్బరాకుల కింద తుప్పు పడుతున్న ఆ కారును కొని, లారీ మీద తెచ్చుకున్నారు.

స్టాఫ్ రూములో పెద్ద దుమారమే లేచింది. చివరికి నేనే ధైర్యం చేసి అడిగాను. "ఈ వయసులో ఈ కారేంటండీ మేడమ్ గారూ?"

"ఇన్నేళ్ళూ మా అమ్మ కుర్చీని నేను తోసేనండి మాస్టారూ. ఇప్పుడు నన్ను లాక్కుపోయేది ఒకటి కావాలనిపించిందండి" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

కారు కొనడానికి పెద్దగా ఖర్చు కాలేదు, బతికించడానికే అయింది. మా సముద్రపుగాలికి ఇనుము నిలవదు. అడుగుభాగం ఒకవైపు అతికిస్తే రెండోవైపు చిల్లులు పడేవి. ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లు దాని పొట్టను గీరేసేవి. సైలెన్సర్ ఎన్నిసార్లు ఊడి రోడ్డున పడిందో లెక్కలేదు. ఆ కొలత టైర్లు మన దగ్గర దొరకవు. చిన్న రబ్బరు గొట్టం కావాలన్నా చెన్నైకి రాయాలి; అక్కడా లేదంటే పరదేశం నుంచి రావాలి. వచ్చినదాని వెల కంటే దాన్ని తెప్పించడానికయ్యే వెల ఎక్కువ. రాజమండ్రి నుంచి బాషా గారనే మెకానిక్కు బస్సులో పనిముట్ల సంచీతో వచ్చేవారు. ఆయన వచ్చిన రోజున ఆవిడ సత్యవతి చేత చేపల పులుసు పెట్టించేవారు. తను పీట వేసుకుని కారు షెడ్డులోనే కూర్చుని పొద్దుగూకేదాకా కబుర్లు చెప్పేవారు. ఆ ఇంట్లో అంత గలగలలాడే మాటలు మరే రోజూ వినిపించేవి కావు.

జీతం, తర్వాత పింఛను, తండ్రిగారు మిగిల్చిన కాస్త కొబ్బరితోట మీది ఫలసాయం, అన్నీ ఆ షెడ్డులోకే పోయాయి. ఇంటి గోడలు పెచ్చులూడుతున్నా సున్నం వేయించలేదు. ఒకసారి తమ్ముడు వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"అక్కా, దీనికి పోసిన డబ్బుతో కొత్త కార్లు రెండొచ్చేవే. అమ్మేసి సుఖంగా ఉండకూడదా?" అన్నాడతను.

"వచ్చేవిరా. కానీ వాటికి నాతో పనుండేది కాదు."

అతనికి అర్థం కాలేదు. కాఫీ తాగి లేచి, బయట కారెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు ఆవిడ నావైపు తిరిగి, "నన్ను ఇది కావాలి అది కావాలి అని అడిగేవాళ్ళు ఇంకెవరున్నారండి మాస్టారూ? ఒంటిగా ఉన్నవాళ్ళకి ఖర్చు కూడా ఒక తోడేనండి" అన్నారు. ఎంతో తేలిగ్గా, పాఠంలో చిన్న సూత్రం చెప్పినట్టు చెప్పిన ఆ మాట నన్నివాళ్టికీ విడిచిపెట్టలేదు.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు, మా వీధిలోకి నీళ్ళు రావడం మొదలుకాగానే జనమంతా పశువులతో, మూటలతో ఏటిగట్టు ఎక్కేశాం. కరుణామణి గారి కారును పదిమంది తోసి గట్టు మీదికి చేర్చారు. ఒకవైపు గేదెలు, ఒకవైపు టార్పాలిన్ల కింద మేము, మధ్యలో ఆ ఆకుపచ్చ కారు. ఏటి నడిమి లంక నుంచి వచ్చిన ఒకావిడ మొహమాటపడుతూ, "మేడమ్ గారండీ, మీ కారుకి మా పెయ్యని కట్టుకోవచ్చాండీ?" అంది.

"ఆయ్, కట్టుకోమ్మా. ఇదీ కదల్దు, అదీ కదల్దు."

ఆ దుఃఖంలోనూ గట్టంతా నవ్వింది. సాయంత్రానికి వాన ముదిరింది. ఆ లంక ఆవిడ కోడలు పచ్చి బాలింత. ఆ తల్లీబిడ్డల్ని కారులో పడుకోబెట్టి, కరుణామణి గారు గొడుగు వేసుకుని బయటే కూర్చున్నారు. వరద తీసేదాకా ఆ కారు బాలింత గదే అయింది. తరువాత సీట్ల తోలు పాడై, లోపలంతా పాలవాసన, ఉచ్చవాసన. తోలు మార్చాలంటే చాలా అవుతుందని బాషా గారు చెబితే, "ఉండనివ్వండి బాషా గారూ. మా ఇంట్లో ఈ వాసన ఎన్నడూ లేదు కదా" అన్నారట. ఈ సంగతి ఆయనే చెప్పారు నాకు.

నా భార్య కాలం చేసినప్పుడు ఊరంతా వచ్చి పలకరించి వెళ్ళింది. కర్మలయ్యాక ఇల్లు ఖాళీ అయింది. అప్పుడొచ్చారు కరుణామణి గారు. లోపలికి రాలేదు, వీధిలోంచే, "చెప్పులు వేసుకుని రండి మాస్టారూ" అన్నారు. అంతర్వేది దాకా పోదామని బయలుదేరాం. సగం దారిలో ఇంజను వేడెక్కి పొగలు కక్కి ఆగిపోయింది. ఫోను చేస్తే బాషా గారు మధ్యాహ్నానికి గాని రాలేనన్నారు. కాలవగట్టున చెట్టు నీడలో బొండాలు తాగుతూ కూర్చున్నాం. ఓదార్పు మాట ఒక్కటీ ఆవిడ అనలేదు. నేనే, "మీకు దీని మీద విసుగు రాదాండీ?" అన్నాను.

"మనిషి పోతే రిపేరు లేదు కదండీ. అందుకని రిపేరున్నవాటి మీద నాకు కోపం రాదండి" అన్నారు. భార్య పోయాక నేను మొదటిసారి ఏడ్చింది ఆ కాలవగట్టు మీదనే. ఆవిడ అటు తిరిగి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నారు.

ఈమధ్య ఆవిడకు చూపు మందగించింది. కళ్ళలో నీటి ఒత్తిడట. అంచుల నుంచి మసక కమ్ముకొస్తోందన్నారు. ఎవరూ చెప్పకముందే తనే కారు నడపడం మానేశారు. సరిగ్గా అప్పుడే గేర్ బాక్సు పోయింది. కంటి ఆపరేషనుకని దాచిన డబ్బు తీసి దానికి పెట్టబోతున్నారని తెలిసి నేను వెళ్ళి కేకలేశాను.

"కోప్పడకండి మాస్టారూ. పోయిన చూపు ఆపరేషను చేసినా తిరిగి రాదన్నారండి. ఉన్నది ఇంకొంతకాలం నిలుస్తుందట, అంతే. ఆ నిలిచిన చూపుతో ఏం చూస్తానండి? షెడ్డులో చచ్చిపడున్న బండినా?"

ఇంటికొచ్చి ఆవిడ తమ్ముడికి ఫోను చేశాను. "మీరే నచ్చజెప్పండి మాస్టారూ" అన్నాడు. ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. గేర్ బాక్సు వచ్చింది. బిగించిన రోజు బాషా గారినే నడపమని, తను పక్క సీట్లో కూర్చుని సముద్రం దాకా వెళ్ళొచ్చారు. తిరిగొచ్చాక జుట్టంతా రేగిపోయి, చెంపల మీద ఇసుకతో, పదేళ్ళ పిల్లలా మా గుమ్మంలో నిలబడ్డారు. "సముద్రం సరిగ్గా కనపడలేదండి మాస్టారూ. వేగం మాత్రం తెలిసిందండి. దానికి కళ్ళక్కర్లేదండి" అన్నారు. ఆవిడను అంత ఆనందంగా నేను ఇంకెప్పుడూ చూడలేదు. ఆ తరువాత ఎన్నాళ్ళో బతకలేదు.

సమాధి తోటలో ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళిపోతుండగా బాషా గారు వచ్చారు. బస్సు ఆలస్యమైందట. గుప్పెడు మన్ను వేసి, చేతులు దులుపుకోకుండా అలాగే నిలబడ్డారు. తమ్ముడు ఆయన్ని పక్కకు పిలిచి, "ఆ కారుని కొనేవాళ్ళు దొరుకుతారాండీ?" అని అడిగాడు.

"ఆయ్, కొనేవాళ్ళకేమండి, ఎంతమందైనా దొరుకుతారండి" అన్నారు బాషా గారు. "పోషించేవాళ్ళే దొరకరండి."

తమ్ముడు తల పంకించి, తిరుగు ప్రయాణానికి టైమవుతోందన్నాడు. మేమిద్దరం మిగిలాం. ఆవిడ గురించి ఎవరితోనైనా మాట్లాడాలని నాకుంది. ఆయనకూ ఉన్నట్టే తోచింది. కాని ఆయనకు బస్సుంది.

కరుణామణి గారూ! ఆదుకోవడమే ప్రేమని ఏనాడూ ఉపన్యసించకుండా ఆచరించి చూపిన సహృదయులు మీరు. మీ లోటు ఈ ఊరికి తీరేది కాదు. మీ పాఠాలు విన్న వేలమంది శిష్యుల తరఫున, మీ మాటలు విన్న ఒక ముసలివాడి తరఫున మీకివే కన్నీటి నమస్సులు. నిన్న మీ ఇంటి ముందు నుంచి వస్తూ అలవాటు చొప్పున ఆగాను. సత్యవతి తాళం వేసుకుని బయటికొస్తోంది. "ఎవరికోసమండీ మాస్టారూ?" అని అడిగింది. ఎవరికోసమూ కాదని చెప్పి నడిచొచ్చేశాను.