మారిన పేజీల మేడం

మొన్న మధ్యాహ్నం సమ్మయ్య ఫోన్ చేశాడు. "అక్కా, మేడం పోయిందట. పొద్దున దవాఖానల. నిద్రల్నే పోయిందంటున్నరు" అన్నాడు. మా ఇద్దరికీ మేడం అంటే ఒక్కరే. ఎనభైలలో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ చెప్పిన మేడం.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఏసీ గదిలో ఉండే వస్తువు. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. మేడం మాత్రం దాని గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్పేవారు. పాఠం మధ్యలో సుద్దముక్కను చెవి వెనక పెట్టుకొని, గదంతా వెతికేవారు. మేము నవ్వితే ఆవిడా నవ్వేవారు.

"మెమరీ చిన్నది, డిస్క్ పెద్దది" అంటూ మొదలైంది ఆ పాఠం. నడుస్తున్న ప్రోగ్రాం పేజీలు పేజీలుగా డిస్క్ నుంచి మెమరీలోకి వస్తుంది. చోటు చాలకపోతే ఏదో ఒక పేజీని తీసేయాలి. అది వచ్చింది వచ్చినట్టే ఉంటే ఫికర్ లేదు, డిస్క్ మీద నకలు ఉండనే ఉంది. మధ్యలో దానిలో ఏదైనా రాసి ఉంటే మాత్రం ముందు డిస్క్‌కు ఎక్కించాలి. లేకపోతే ఆ రాసింది పోయినట్టే. అందుకని ఏ పేజీ మారిందో కెర్నల్‌కు, అంటే యంత్రాన్నంతా నడిపించే మూల ప్రోగ్రాంకు, ఎప్పటికప్పుడు తెలియాలి. పుస్తకాల్లో అలాంటి దాన్ని డర్టీ పేజీ అంటారు. మేడంకు ఆ పేరు గిట్టేది కాదు. "మురికేంది? ఎవరో కష్టపడి రాసుకున్నది అది. మారిన పేజీ అనుండ్రి" అనేవారు.

చివరి సంవత్సరం సమ్మయ్యా నేనూ ఆవిడ దగ్గరే ప్రాజెక్టు తీసుకున్నాం. ఒక చిన్న కెర్నల్ రాయడం మా పని. సమ్మయ్య స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లె నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. తెలుగు మీడియంలో చదివినవాడు. ఎవరైనా ఇంగ్లిష్‌లో ప్రశ్న అడిగితే తల వంచుకునేవాడు.

మాకిచ్చిన యంత్రంతో ఒక చిక్కు వచ్చింది. పేజీ మారితే తనంతట తాను గుర్తు పెట్టే సౌకర్యం దానికి లేదు. ఏది మారిందో తెలియక, తీసేసే ప్రతి పేజీనీ డిస్క్‌కు ఎక్కించాల్సి వచ్చేది. యంత్రం కదిలేది కాదు. డిపార్ట్‌మెంట్ హెడ్ వచ్చి చూసి, "ఇది అయ్యే పని కాదమ్మా, జీతాల ప్రోగ్రాం ఏదన్నా రాయించండి" అని వెళ్లిపోయారు.

ఆయన అటు వెళ్లగానే సమ్మయ్య సంచి భుజాన వేసుకున్నాడు. "నేను చదువు ఇడిశిపెడ్త మేడం. బాపు ఎవుసం చూసుకొమ్మంటాండు. ఇది నాతోని కాదు."

"నీతోని కాదో, ఈ మిషన్‌తోని కాదో ముందు తేలనీ. జర ఆగు" అన్నారు మేడం.

కొన్నాళ్లకు మేడం ఉత్సాహంగా వచ్చారు. "అన్ని పేజీలకు తాళం వేద్దాం. చదువనిద్దాం, రాయనియ్యొద్దు. ఎవరన్న రాయబోతే మిషన్ ఆగి మనకే చెప్తది గద! అప్పుడు, ఇది మారింది అని గుర్తు పెట్టుకొని తాళం తీద్దాం."

నిజంగానే యంత్రం పరుగెత్తింది. కానీ అప్పుడప్పుడూ మేము టైపు చేసిన వాక్యాలు మాయమై, పాతవి తిరిగి కనిపించేవి. ఎంత వెతికినా కారణం దొరకలేదు. పరీక్ష దగ్గరపడింది. మేడం ప్రోగ్రాం కాగితాలు ఇంటికి పట్టుకెళ్లి మళ్లీ మళ్లీ చదివేవారు.

ఒక పొద్దున సమ్మయ్య స్టేషన్ నుంచి నేరుగా, దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. "మేడం, మనం అందరి మీద కన్నేసినం. మన మీద మనం ఏసుకోలె!"

ఆవిడకు వెంటనే అర్థమైంది. కీబోర్డులో కొట్టిన అక్షరాలను పేజీలో పెట్టేది కెర్నలే. ఆ తాళాలు కెర్నల్‌ను ఆపవు. తను రాసినప్పుడు గుర్తు పెట్టుకోలేదు కాబట్టి, పేజీ మారలేదనుకొని పారేసేది. మేడం కాగితాలు తిప్పి ఆ భాగం చూశారు. "ఇది నేను రాసిందే. నా కండ్ల ముందల్నే ఉన్నది" అని సమ్మయ్య వీపు తట్టి, గట్టిగా నవ్వారు. తను రాసేముందు కూడా ఆ పేజీకి గుర్తు పెట్టేలా కెర్నల్‌ను మార్చాం. మళ్లీ ఒక్క వాక్యమూ పోలేదు.

పరీక్షకు హైదరాబాద్ నుంచి వచ్చినాయన మా రిపోర్టు చదివి, ఆ తప్పు ఎలా జరిగిందని ఇంగ్లిష్‌లో అడిగారు. సమ్మయ్య తల వంచుకున్నాడు. మేడం లేచారు. "తప్పు నాది సార్. పట్టుకున్నది ఈయన. ఈయన్నే చెప్పనివ్వండి." తర్వాత మెల్లగా, "తెలుగులనే చెప్పు బిడ్డా" అన్నారు. సమ్మయ్య బోర్డు దగ్గరికి వెళ్లాడు. పేజీల బొమ్మ గీసి, తెలుగులోనే మొదలుపెట్టాడు. పరీక్షకు వచ్చినాయన కుర్చీ ముందుకు జరుపుకొని విన్నారు.

సమ్మయ్య చదువు మానలేదు. జీవితమంతా కెర్నల్స్ రాసే పనిలోనే ఉన్నాడు. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పుడు మేడం ఒక్క మాటే చెప్పారు: "పిల్లలు నీ తప్పు పడితే సంతోషపడు. పాఠం ఎక్కిందన్నట్టు." ఆ సంతోషం నాకు చాలాసార్లు దక్కింది.

ఫోన్ పెట్టేశాక నాకు ఆ పరీక్షరోజు సాయంత్రమే గుర్తొచ్చింది. చిన్న తుంపర మొదలైంది. మేము వరండాలో నిలబడి ఉన్నాం. మేడం కొంగు నడుముకు దోపుకొని మోపెడ్ ఎక్కారు. "తడుస్తరు మేడం, జర ఆగుండ్రి!" అని సమ్మయ్య కేకేశాడు. ఆవిడ ఆగలేదు. వెనక్కి తిరగకుండానే ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ, తడి రోడ్డు మీద హనుమకొండ వైపు సాగిపోయారు.