మాణెమ్మ పెట్టించిన బందు

మాణెమ్మ పటాన్‌చెరులోని ఒక మందుల కంపెనీలో ఊడ్చే పని చేస్తుంది. తాగి తాగి భర్త పోయాక, ఊళ్లో ఆడవాళ్లందరినీ కూడగట్టి బెల్టు షాపులు మూయించింది. ఆ రోజు పక్కింటి కమలవ్వ ఆమెను వాటేసుకుని సంతోషంతో ఏడ్చింది.

కొన్నాళ్లు ఊరు నెమ్మదిగానే ఉంది. తర్వాత ముత్తంగి వైపు నుంచి ఒక ముఠా జీపుల్లో దొంగచాటుగా సీసాలు దింపడం మొదలుపెట్టింది. అడ్డం వచ్చినవాళ్లను చావబాదింది. కమలవ్వ కొడుకు అంజయ్య ఆ సీసాలు అమ్మడానికి కుదిరాడు. ఇంకో ముఠాతో జరిగిన కొట్లాటలో అతని కాలు పోయింది.

మాణెమ్మ అన్నం వండుకుని చూడబోయింది. కమలవ్వ గడపలోనే ఆపేసింది.

"షాపు ఉండంగ నా కొడుకు తాగి ఇంట్ల పండుకుంటుండె. నీ బందు వచ్చినంకనే గిట్ల అవిటోడైండు. ఇగ మా ఇంటికి రాకు."

"అందరి మంచికే చేసిన గదక్కా!"

కమలవ్వ తలుపు వేసుకుంది. నెమ్మదిగా ఊళ్లో మిగతా ఆడవాళ్లూ ఆమె మాటే అనసాగారు.

ఇప్పుడు పొద్దున కంపెనీ బస్సు కోసం ఆడవాళ్లంతా ఒకచోట నిలబడతారు. మాణెమ్మ రాగానే మాటలు ఆగిపోతాయి. ఆమె కాస్త ఎడంగా నిలబడి రోడ్డు వైపు చూస్తుంటుంది. చేసింది తప్పా ఒప్పా అని ఎవరితోనైనా ఒక్కసారి మాట్లాడాలని ఉంటుంది. పలకరించేవాళ్లే లేరు.