చెంపకు ఆనించిన తూటా

నా చొక్కా జేబులోని ఖాళీ తూటాను బయటికి తీయించి చెత్తసంచిలో వేయించారు. ఒక్కసారి కాల్చిన తూటా అది. అంచు కూడా చిట్లలేదు.

అప్పుడు నేను సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. అల్లుడికి ఆఫీసులో అదే పని. ఒక శనివారం ఆఫీసువాళ్లు అందరినీ కుటుంబాలతో సహా తుపాకీ క్లబ్బుకు తీసుకెళ్లారు. గాలిలోకి మట్టి బిళ్లలు ఎగురుతాయి, వాటిని కాల్చాలి. కుర్రవాళ్లు బిళ్లలను చూస్తుంటే నేను కింద పడుతున్న ఖాళీ తూటాలను చూస్తూ కూర్చున్నాను. ఒకటి ఏరి, చెంపకు ఆనించుకుని, జేబులో వేసుకున్నాను.

అక్కడ తుపాకుల బాధ్యత చూసే తెల్లమీసాల తమిళాయన తిన్నగా నా దగ్గరికే వచ్చి చెయ్యి చాపి, అక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో అన్నాడు. "అంకుల్, క్యానాట్ లా. ఖాళీదైనా బయటికి పోకూడదు."

అల్లుడి ముఖం పాలిపోయింది. "ఇచ్చెయ్యండి మామయ్యా. ఇక్కడ నేరం ఇది. నా వర్క్ పాస్ పోతుంది."

"ఖాళీది నాయనా. మందు లేదు, గుళ్లు లేవు."

ఏడేళ్ల మనవరాలు సంచి మీది చీటీ చూపించింది. "తాతా, రాశారు కదా. రబ్బిష్ లా."

చట్టం చట్టమే, ఇచ్చేశాను. నాకు మండింది ఆ చీటీ మీద.

కర్నూలు వైపు మా వేరుశనగ చేల మీద అడవిపందులు పడేవి. పెదనాన్నకు తుపాకీ లైసెన్సు ఉండేది. దూరాన పంది చెవి కనిపించేది గానీ దగ్గరి చూపు మందగించింది. అందుకని తూటాలు నింపే పని పెద్దమ్మ చేతికి వచ్చింది. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని కూర్చునేది. ముందు ఖాళీ తూటా మూతిని చెంప మీద మెల్లగా తిప్పేది. గుచ్చుకుంటే అంచు చిట్లిందని పక్కకు. జారితే మళ్లీ పనికొస్తుంది. "ఒరే, కంటికి కనపడంది చెంపకు తెలుస్తాదిరా" అనేది. ఆ తర్వాత అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ, మందు, అట్టబిళ్ల, సీసపు గుళ్లు, పైన అంచు మడత. మందు కొలిచేటప్పుడు కలెక్టరు వచ్చి పిలిచినా పలికేది కాదు.

మందు రకం మారిందంటే పాత కొలగిన్నెను ముట్టనిచ్చేది కాదు. డబ్బాలో వచ్చిన ఇంగ్లీషు కాగితం నేను చదివి చెప్పాలి. ఆరో తరగతితో బడి మానేసిన నాకు ఇంగ్లీషు నేర్పినవి ఆ కాగితాలే. ఒక్క మాట తప్పు చదివితే పెదనాన్న చెయ్యి పోతుంది, మరి నేర్చుకోక ఏం చేస్తాను? పెద్దమ్మ నింపిన తూటా పేలకపోవడం నేను చూడలేదు.

ఇంటికి పోతూ రైల్లో అల్లుడు నచ్చజెప్పబోయాడు. "ఇప్పుడెవరు నింపుతారు మామయ్యా? మిషన్లు చేసి పడేస్తున్నాయి."

"నువ్వు ఆఫీసులో చేసేదేమిటి? పాత ప్రోగ్రాముల్లో కొత్త తేదీలు నింపడమే కదా. అవతల పారేసి కొత్తవి రాసుకోకూడదా?"

"అది వేరు. అవి ఇంకా పనిచేస్తున్నాయి."

"ఇదీ చేస్తుంది" అన్నాను.

వారం రోజులు కూర్చుని క్లబ్బుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. తూటా తిరిగి ఇమ్మనలేదు. ఇక్కడివి ప్లాస్టిక్‌వి, పెద్దమ్మ నింపినవి అట్టవి, అదీ ఒప్పుకున్నాను. మళ్లీ నింపడం ఈ రోజుల్లో దండగే అయితే ఎందుకు దండగో చెప్పండి, పరీక్షించకుండా చెత్త అని మాత్రం రాయకండి అన్నాను. చెంప పరీక్ష ఎలా చెయ్యాలో వివరించాను. అల్లుడు చదివి తల పట్టుకున్నాడు. జవాబు లేదు. రెండోసారి రాశాను, మూడోసారీ రాశాను. చివరికి ఆ తెల్లమీసాలాయనే తన చేతిరాతతో జవాబు పంపాడు. నా తెలుగులో ఇది:

"అంకుల్, ఇక్కడ తూటాలు నింపడానికి మాకు అనుమతి లేదు. ఉన్నా నేను మళ్లీ ఆ పనికి కూర్చోను. మిషనువి బాగున్నాయి, నా చేతులు వణుకుతున్నాయి. మా నాన్న మలేసియా రబ్బరు తోటలో పందుల కోసం నింపేవారు. ఆయనకు కూడా మీ పెద్దమ్మగారి పద్ధతి తెలియదు. నిన్న సంచిలోంచి పది తీసి చెంపకు ఆనించాను. ఒక్కటే గుచ్చుకుంది. పదింటినీ తిరిగి సంచిలోనే వేశాను, వేయక తప్పదు. చీటీ మాత్రం మార్పించాను. ఇప్పుడు దాని మీద 'కాల్చినవి' అని ఉంది."