కండనే అడగాలి

ప్రయోగశాలలో అందరూ ఆవిణ్ణి ఐసమ్మ అంటారు. చేతిలో ఐసు బక్కెట్ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్లు లేరు మరి.

మన ఒంట్లో కణాలకి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు ఉంటాయే, వాటిని చెడకుండా బయటికి తియ్యడం ఆవిడ పని. చేరిన కొత్తలో, కాలేయాన్ని నలిపినట్టే కండనూ సుతారంగా నలిపింది. గొట్టంలో పోసి యంత్రంలో గిర్రున తిప్పితే అడుగున ఏమీ దిగలేదు. బిక్కమొహం వేసుకు నిలబడితే పెద్ద మేడం చివాట్లు పెట్టింది.

"కాలేయం మెత్తన, కండ మొండిది. లోపలి సరుకూ ఒకటి కాదు. ఏ ప్రొటీను ఎంత కావాలో ఒక్కో అవయవం ఒక్కోలా తేల్చుకుంటుంది."

ఆ చివాట్లు ఐసమ్మ మర్చిపోలేదు.

చెల్లెలి కూతురు పన్నెండేళ్ల పిల్ల. ఒక అంతస్తు ఎక్కేసరికి కూలబడిపోతుంది. బడిలో నత్త అన్నారు. రక్తపరీక్షలో ఏ లోపమూ కనపడకపోయేసరికి ఇంట్లోనూ బద్ధకమని తేల్చేశారు. తొడ కండలోంచి చిన్న ముక్క తీసి చూద్దామని డాక్టరు అంటే, చెల్లెలు ససేమిరా అంది.

"రక్తంలో లేనిది కండలోకి ఎక్కణ్ణుంచి వస్తుందక్కా? దొంగవేషాలకి కత్తి కూడానా?"

ఐసమ్మకి ఒళ్లు మండింది. "రక్తాన్ని అడిగితే రక్తం సంగతే చెబుతుందే. కండ సంగతి కండనే అడగాలి."

"కోసేది నీ కండ కాదుగా."

"సరే, పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కండ కూడా కావాలన్నాడుగా డాక్టరు. నాదే ఇస్తా. నేను నడిచి బయటికొస్తే నీ కూతుర్ని పంపు."

కుంటుకుంటూ, పళ్ల బిగువున నడిచొచ్చింది మొండి మనిషి. చెల్లెలు కూతుర్ని లోపలికి పంపింది.

ముక్కలు రెండూ ఐసమ్మ ప్రయోగశాలకే వచ్చాయి. సొంతవాళ్ల ముక్క సొంత చేత్తో నలిపితే నమ్మేదెవరని, మేడంకి అప్పజెప్పి గుమ్మంలో నిలబడింది ఐసమ్మ. శక్తి తయారీకి కండలో ఉండాల్సిన ప్రొటీను ఒకటి ఆవిడ ముక్కలో నిండుగా ఉంది, పిల్ల ముక్కలో దాదాపు లేదు. రక్తకణాలు ఆ పనికి వేరే రకం వాడుకుంటాయి, అందుకే అక్కడ తేడా బయటపడలేదు.

నయంచేసే మందు ఇంకా లేదనీ, ఉన్న ఓపికని కాపాడుకోవాలనీ డాక్టరు చెప్పాడు.

ఇంటికొస్తూ పిల్ల మొదటి అంతస్తులోనే కూలబడింది. తల్లి వైపు బెదురుగా చూసి, "నిజంగానే కాళ్లు రావట్లేదమ్మా" అంది, ఎప్పట్లాగే.

చెల్లెలు ఆ మెట్టు మీదే పక్కన కూర్చుంది. "నిజమే తల్లీ" అంది.