రామాంజి తుడిచేసిన లెక్క

గొంతులో పచ్చి వెలక్కాయ పడితే ఎలా ఉంటుందో నాకు ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. మింగడానికి లేదు, కక్కడానికి లేదు. దాన్ని అలాగే పెట్టుకుని పాఠాలు చెప్పాను, శాలువాలు కప్పించుకున్నాను, మెడ వంచి దండలు వేయించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం మీద కాదు, వినవలసిన మనిషి ఎదుట కూర్చుని చెప్పేవాణ్ని.

ఆ మనిషిని ఇక్కడ రామాంజి అంటాను. అసలు పేరు అది కాదు.

నేను గణితం చేసి బతికినవాణ్ని. పెద్ద బహుమతి వచ్చినవాణ్ని. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టి, మగ్గం చప్పుడులోనే ఎక్కాలు నేర్చుకున్నాను. బహుమతి వచ్చినప్పుడు మా వీధి మొగదల నా ఫ్లెక్సీ కట్టారు. మా నాయన పొద్దున్నే పోయి దాని కింద నిలబడి, దారిన పోయేవాళ్లతో ఏదో ఒకటి మాట్లాడి వచ్చేవాడట. ఈ మాట సాకుగా చెప్తున్నానా? కావచ్చు. ఇన్నేళ్లలో సాకులు చాలానే పోగేసుకున్నాను.

రామాంజిది తాడిమర్రి దగ్గర పల్లె. శెనక్కాయ పండించే ఇల్లు. హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఇద్దరిదీ ఒకే గది. వాడు వండేవాడు, నేను గిన్నెలు కడిగేవాణ్ని. లెక్కల్లో ఇద్దరం సమానం అని అందరూ అనేవాళ్లు. అది అబద్ధం. వాడు నాకంటే నిదానం, నాకంటే గట్టి. నేను రెండేసి మెట్లు దూకేవాణ్ని. వాడు ప్రతి మెట్టూ తట్టి చూసుకుని గానీ కాలు పెట్టేవాడు కాదు. "ఏమబ్బా, నీకేమన్నా రైలు పోతాండాదా?" అని నన్ను ఆటపట్టించేవాడు. వాళ్ల నాయన పోవడంతో వాడు పెనుకొండలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరిపోయి, ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. నేను బెంగళూరు పోయి పరిశోధనలో పడ్డాను.

నాకు పేరు తెచ్చిన సిద్ధాంతంలో ఒకచోట "ఇది స్పష్టమే" అని రాసి ముందుకు పోయాను. మా లెక్కలవాళ్లందరికీ ఉన్న జబ్బు ఇది. నిరూపణ రాస్తూ రాస్తూ అలసిపోయిన చోట, లేదా ఎందుకో మనకే సరిగ్గా తెలియని చోట, స్పష్టమే అని ఒక ముక్క పడేస్తాం. చదివేవాడికి అది స్పష్టం కాకపోతే లోపం తనదే అనుకుని సిగ్గుపడి ఊరుకుంటాడు. మహామహులు చదివారు నా నిరూపణ. ఆ ముక్క దగ్గర ఎవరూ ఆగలేదు. బహుమతి ప్రకటించేశారు.

రామాంజి ఆగాడు.

ఒక పత్రిక సంపాదకుడు నాకు చిన్న వ్యాసం ఒకటి పంపాడు, చదివి అభిప్రాయం చెప్పమని. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. వ్యాసం ఎవరు రాశారో పరీక్షించేవాడికి తెలుస్తుంది. పరీక్షించింది ఎవరో రాసినవాడికి ఎన్నటికీ తెలియదు. ఆ పరీక్షించేవాణ్ని రిఫరీ అంటాం. వ్యాసం నా సిద్ధాంతం గురించే కాబట్టి నాకే పంపారు. పైన రామాంజి పేరు ఉంది.

చదివాను. నేను స్పష్టమే అన్న మాట ఎక్కడ చెల్లదో చూపిస్తూ వాడు ఒక ఉదాహరణ కట్టాడు. చిన్నది, ముచ్చటైనది, ఎటు నొక్కినా చెక్కుచెదరనిది. నా సిద్ధాంతం నేను చెప్పిన రూపంలో నిలవదు. మొదట నాకు వచ్చింది భయం కూడా కాదు, కోపం. నాకు ఒక్క మాట చెప్పకుండా పంపిస్తాడా అని! ఎంత సిగ్గుమాలిన కోపమో చూడండి. బహుమతి ప్రకటించారే గానీ ఇంకా చేతికి ఇవ్వలేదు. అప్పుడు ఈ వ్యాసం బయటికి వస్తే? నాయన ఆ ఫ్లెక్సీ కిందికి ఏ మొహంతో పోతాడు?

"రచయిత మూల నిరూపణను సరిగ్గా అర్థం చేసుకోలేదు. ప్రచురణకు తగదు." అని రాసి పంపాను. అంతే. నా జీవితంలో ఇంత తక్కువ మాటల్లో ఇంత పెద్ద అబద్ధం మళ్లీ ఆడలేదు.

అక్కడితో ఆగినా పిరికివాణ్నని సర్దుకునేవాణ్నేమో. ఆగలేదు.

ఆ తర్వాత నాయనను చూడ్డానికి ప్యాసింజర్ రైల్లో ధర్మవరం పోతున్నాను. నేను వస్తున్నానని తెలిసి రామాంజి కాలేజీకి సెలవు పెట్టి పెనుకొండలో ఎక్కాడు. చేతిలో ఉగ్గాని, బజ్జీల పొట్లం. చొక్కా జేబులో ఎప్పటిలాగే చాక్‌పీసు. కూర్చున్నాక మెల్లగా మొదలుపెట్టాడు.

"సామీ, నీకొకటి చెప్పల్ల. కోపం చేసుకోవద్దు. నీ లెక్కలో ఒక తప్పు కనపడిందనుకుని పత్రికకు రాస్తి. నువ్వు సంబరంలో ఉండావు, చెప్తే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేకపోతి. వాళ్లు సరే అంటే, అప్పుడు నీ దగ్గరికొచ్చి ఇద్దరం కలిసి సరిచేద్దామనుకుంటి."

వాడు ఎదురు సీటు రెక్సిన్ మీద ఆ ఉదాహరణ చాక్‌పీసుతో రాశాడు.

"ఇది తప్పంట. రిఫరీ ఎవురో శానా పెద్దాయనే అయ్యుంటాడు. యాడ తప్పిండానో నాకు తెలియడంల్యా. నువ్వు చూడు. నువ్వు చెప్తే ఇంగ ఎవురినీ అడగను."

చూస్తున్నట్టు తల వంచాను. పక్కన ఎవరో ముసలమ్మ కూడా వంగి ఆ సున్నపు గీతల్ని చూస్తోంది.

"ఈ మూడో మెట్టు కాడ తొందరపడినావు రా," అన్నాను.

"తొందరపడితినా? నేనా?"

"ఊ. స్పష్టమే కదా."

వాడు చాలాసేపు ఆ గీతల్నే చూశాడు. నా మాటను అనుమానించలేదు. తనను తాను అనుమానించుకున్నాడు. నేను కళ్లారా చూశాను అది జరగడం. "నాకు స్పష్టంగా కనపడల్యా సామీ. మన బుర్ర అంతవరకే," అని నవ్వి, అరచేత్తో మొత్తం తుడిచేశాడు. చెయ్యి ప్యాంటుకు రుద్దుకుని పొట్లం విప్పాడు. "తిను, చల్లారిపోతాండాది," అన్నాడు.

తిన్నాను. బాగుందని కూడా అన్నాను.

రామాంజి ఆ ఏడే తన పీహెచ్‌డీ వదిలేశాడు. ఎందుకురా అని అడిగే మొహం నాకెక్కడిది? రెండేళ్ల తర్వాత నేను నా సిద్ధాంతాన్ని మళ్లీ ప్రచురించాను, ఒక్క షరతు చేర్చి. వాడి ఉదాహరణను బయటికి నెట్టి తలుపు మూసే షరతు అది. అది ఎందుకు పెట్టానో రాయలేదు, ఎవరి వల్ల తెలిసిందో రాయలేదు. కొత్త రూపం మరింత అందంగా ఉందని మెచ్చుకున్నారు. గణితానికి ఇప్పుడు ఏ లోటూ లేదు. నిజం బయటికి రావలసిన అవసరం ఈ లోకంలో ఒక్క మనిషికే ఉంది. ఆ మనిషికి అవసరమని కూడా తెలియదు.

అసలు శిక్ష తర్వాత మొదలైంది. రిటైరయ్యాక ఇద్దరం హిందూపురంలోనే ఉంటున్నాం. నాకు ఏ సన్మానం జరిగినా కాలేజీనాటి మిత్రుడని రామాంజినే మాట్లాడమంటారు. వాడు ప్రతిసారీ ఒకటే కథ చెప్తాడు. "ఈ మహానుభావుడి లెక్కలో తప్పు పట్టినానని నేనొకసారి ఎగిరి గంతేస్తినప్పా! రైల్లో కూచోబెట్టి, మూడో మెట్టు కాడ తొందరపడినావు రా అని ఒక్క మాటలో తేల్చేసినాడు." జనం నవ్వుతారు. వాడు అందరికంటే గట్టిగా నవ్వుతాడు. నేనూ నవ్వాలి. తేలు కుట్టిన దొంగ అరవలేడంటారు, నేను నవ్వుతాను కూడా. ఎన్ని వేదికల మీద నవ్వానో!

మొన్న ఇక్కడి ఒక కాలేజీలో వాడు ఈ కథ చెప్పగానే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, ఆ తప్పు లెక్క ఒకసారి బోర్డు మీద చూపిస్తారా?" అంది. రామాంజి సంతోషంగా చాక్‌పీసు తీసుకున్నాడు. ఒక్క అక్షరం తడుముకోకుండా రాశాడు. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు వాడు. మూడో మెట్టు రాసి ఆగాడు. దాని వైపే చూస్తూ నిలబడ్డాడు. నా ముందు మైకు ఉంది. లేచి ఒక్క మాట అంటే చాలు. నీళ్ల గ్లాసు అందుకుని తాగాను.

"తప్పుడు లెక్క మీకెందుకులే పాపా," అని వాడు అరచేత్తో తుడిచేశాడు.

వచ్చే వారం పెనుకొండలో ఇంకో సన్మానం. నిన్న రామాంజి ఫోన్ చేశాడు. "మన కథే చెప్తా సామీ, పిల్లోళ్లు బాగా నగుతారు," అన్నాడు. సరేలే అన్నాను. చెప్పేస్తానా ఈసారి? నా సంగతి నాకు తెలుసు. చెప్పను. చెప్తే వాడు నన్ను తిట్టడు, అదీ నా భయం. గదిలో మంచం మీద కూర్చుని, తను చేయగలిగి చేయకుండా వదిలేసిన లెక్కలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటాడు. ఈ వయసులో ఆ పని వాడి చేత చేయించలేను. చూశారా, ఇది కూడా సాకే.

మీరు నన్ను క్షమించాల్సిన పని లేదు. క్షమించే హక్కు ఉన్నవాడు వేరే ఉన్నాడు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి, నా చేత్తోనే రాసి ఉండాలి. మూడో మెట్టులో తప్పు లేదు. ఏ మెట్టులోనూ లేదు. రైల్లో రామాంజి తుడిచేసింది సరైన లెక్క, మొన్న బోర్డు మీద తుడిచేసిందీ సరైన లెక్కే. ఆ రిఫరీని నేను.

రాసేశాను. ఇది ఎవరూ తుడవకండి.