సిద్దయ్యన్న ఫ్రిజ్

మా సిద్దయ్యన్న దేన్నీ పారబోయనివ్వడు. ఇబ్రహీంపట్నంలో మేం పనిచేసే ప్రొటీన్ ల్యాబ్‌లో సింకుకు పని లేకుండా చేసిన మహానుభావుడు ఆయన. చాయ్ వడకట్టిన పొడికి కూడా ఒక డబ్బా పెట్టాడు.

"ఎందుకన్నా?" అంటే, "ఏమో, పనికొస్తదేమో" అంటాడు.

ఇంట్లో ఇంకా ఘోరమట. వాళ్లావిడ నర్సింహమ్మ ఓసారి నాతో మొత్తుకుంది. "బియ్యం కడిగిన నీళ్లు సుత సీసాల వోసి తారీఖు రాస్తడు బిడ్డా. సుట్టాలు మజ్జిగనుకొని తాగిండ్రు!"

మా పనేమో ప్రొటీన్లను చార్జిని బట్టి వేరుచేయడం. ఒక గాజు గొట్టం నిండా ప్లస్ చార్జి ఉన్న పూసలుంటాయి. పైనుంచి ప్రొటీన్ల ద్రావణం పోస్తే మైనస్‌వి పూసలకు అతుక్కుంటాయి, మిగతావి కిందికి జారిపోతాయి. తర్వాత ఉప్పు మెల్లగా పెంచుకుంటూ పోతే అతుక్కున్నవి ఊడి వస్తాయి. ముందు జారిపోయిన నీళ్లను మేం సింకులోకి వదిలేసేవాళ్లం. సిద్దయ్యన్న వాటిని కూడా పట్టి ఫ్రిజ్‌లో దాచేవాడు. కొన్ని సీసాల మీద "సిద్దయ్య తప్పు" అని రాసి నంబర్ కూడా వేసేవాడు. పదహారు దాకా లెక్కపెట్టి తెగ నవ్వుకున్నాం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి ఇన్ని తప్పులా!

నేను చేరి ఆరు నెలలైంది. నా ఉద్యోగం ఖాయమో కాదో మేనేజర్ మహిధర్ సార్ శుక్రవారం తేలుస్తారు. బుధవారం నాడు, రెండు నెలలు కష్టపడి తయారుచేసిన ఎంజైమ్ అనే ప్రొటీన్ మొత్తం నా చేతులతోనే గొట్టంలో పోశాను. ఉప్పు పెంచాను. ఏమీ రాలేదు. ఇంకా పెంచాను. ఉప్పునీళ్లే!

ఎంజైమ్‌ను కలిపిన బఫర్ ద్రావణం సీసా తీసి చీటీ చదివాను. పీహెచ్ ఎనిమిది ఉన్నది వాడాల్సింది, ఐదు ఉన్నది వాడాను. ఆ పులుపుకు నా ఎంజైమ్ మైనస్ నుంచి ప్లస్‌కు మారిపోయింది. ప్లస్ పూసలు దాన్ని దగ్గరికే రానివ్వలేదు.

"అన్నా, మొత్తం సింకుల వోయింది. నా నౌకరీ పాయె!" అని ఏడ్చేశాను.

సిద్దయ్యన్న ఒక ఖాళీ సీసా చేతికిచ్చాడు. "గా కన్నీళ్లు గిండ్ల పట్టు స్తుతీ. ఏమో, పనికొస్తయేమో."

కోపంతో నేను నోరు తెరిచేలోపే ఫ్రిజ్ తెరిచి నిండు సీసా ఒకటి బయటికి తీశాడు. "నువ్వట్ల తిరగంగనే సింకులకెల్లి పైపు తీసి గిండ్ల వెట్టిన. నీ ఎంజైమ్ యాడికి వోలే."

అప్పుడే మహిధర్ సార్ లోపలికి వచ్చారు. "ఏమైందన్నా?"

సిద్దయ్యన్న అప్పటికే సీసా మీద రాసేస్తున్నాడు: సిద్దయ్య తప్పు, పదిహేడు. "బఫర్ తప్పు వోసిన సార్. వయసైతుంది గదా."

నా మనసు ఒప్పుకోలేదు. "కాదు సార్, నేనే పోసిన."

సార్ నన్ను చూశారు, సీసాను చూశారు, నవ్వారు. ఫ్రిజ్ వెనక వరుసలోంచి పసుపెక్కిన సీసా ఒకటి తీసి నాకు చూపించారు. సిద్దయ్య తప్పు, ఒకటి.

"గిది నాది స్తుతీ. పన్నెండేండ్ల కింద నా నౌకరీ సుత గిట్లనే మిగిలింది."

అంటే ఆ పదిహేడులో ఒక్కటీ ఆయనది కాదు! పడీపడీ నవ్విన మావే అన్నీ!

నా సీసాలో ద్రావణాన్ని పీహెచ్ ఎనిమిదికి సరిచేసి మళ్లీ పోశాను. ఈసారి ఎంజైమ్ బుద్ధిగా అతుక్కుంది, ఉప్పు పెంచగానే దిగి వచ్చింది. "శుక్రవారం వచ్చి నౌకరీ ఆర్డర్ తీస్కపో" అన్నారు సార్. తర్వాత తన పాత సీసాను సింకు మీదికి వంచబోయారు. "ఇగనన్న దీన్ని పారబొయ్యనియ్యి అన్నా."

సిద్దయ్యన్న చటుక్కున లాక్కున్నాడు. "పారబోస్తే ఇయ్యాల పనికొచ్చేదా సార్?"