ఈరమ్మత్త చూడని సరోవరం

నువ్వు ఆ కర్పూరం పొట్లం విప్పి మంచం మీద పెట్టగానే గదంతా ఆ వాసన కమ్ముకుంది. లడాఖ్‌లో గాలి పలచగా ఉంటుందనీ, ఊపిరి అందనప్పుడు కర్పూరం వాసన చూడమని ఎవరో చెప్పారనీ అంటూ నువ్వు సంచీ సర్దుకుంటున్నావు. నాకేమో ఆ వాసన వెంట ఎమ్మిగనూరులో మా నేతింటి చీకటి, తడిమట్టి, పులిసిన గంజి అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పవ్వా, రాసుకుంటాను అన్నావు గదా, సరే, రాసుకో. మధ్యలో ఆపొద్దు, ఆపితే నేను వేరే దారిలో పోతాను.

అప్పుడు మన రాష్ట్రానికి కర్నూలు రాజధాని, నాకు తొమ్మిదేళ్లు. ఇంట్లో నేలలో గుంట తవ్వి అమర్చిన రెండు గుంటమగ్గాలు, ఒకటి మా నాయనది, ఇంకొకటి మా మేనత్త ఈరమ్మది. పెళ్లయిన రెండేళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి, మగవాళ్లతో సమానంగా సన్ననూలు నేసేది. మా అమ్మ ఒళ్లో ఎప్పుడూ ఒక చంటిబిడ్డ ఉండేది కాబట్టి నాకు తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, ఉగాదికి బచ్చాల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి పోసి ఎవరూ చూడకుండా ఇంకొకటి నా విస్తట్లో వేసింది, అన్నీ అత్తే. వానాకాలంలో గుంటల్లో నీళ్లు ఊరి మగ్గాలు ఆగిపోతే ఆమె బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసేది, మేం పిల్లలం ఆగిన మగ్గం పక్కన గచ్చకాయలు ఆడుకునేవాళ్లం; జాతరకు నన్ను భుజాలకెత్తుకుని తేరు చూపించేది; పీర్ల పండగకు గుండం చుట్టూ వేలు పట్టుకుని తిప్పేది. ఆమె జుట్టులో ఎప్పుడూ నూలుకు పట్టించే గంజి వాసన. అది లేకుండా నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో మంత్రాలయం వైపు నడిచిపోతున్న ఒక బైరాగి మా అరుగు మీద నాలుగు రోజులు ఆగాడు. కైలాసం, మానససరోవరం చూసొచ్చానన్నాడు. దేవుడి మాట కన్నా ఆ దేశం సంగతులే ఎక్కువ చెప్పేవాడు. అక్కడ ఎంత దూరం నడిచినా చెట్టు కనపడదట. ఎర్రగుడ్డలు కట్టిన బౌద్ధ సన్నాసులు చేతిలో చక్రం తిప్పుకుంటూ మంత్రం జపిస్తారట. టీలో ఉప్పూ వెన్నా వేసుకుని తాగుతారట. మేం పిల్లలం థూ అన్నాం. వాళ్ల తిండి వేయించిన గింజల పిండేనని విని అత్త మాత్రం సంబరపడింది.

"మన పేలపిండి మాదిరేనా సామీ? అట్లయితే నాకేం బయం లేదు. ఆ సక్రం తిప్పితే పుణ్యమొస్తాదంటే, రాట్నం తిప్పి తిప్పి మా యమ్మ ఈపాటికి సొర్గానికి రాణి అయ్యుండాల!"

ఆమెను పట్టేసింది గుడ్డల మాట. ఎత్తైన కనుమల దగ్గర అక్కడివాళ్లు మంత్రాలు అచ్చువేసిన రంగురంగుల గుడ్డల్ని తాళ్లకు కట్టి వదిలేస్తారట. గాలి వాటిని ఆడించినప్పుడల్లా మంత్రం చదివినట్టేనట. పోగు పోగు విడిపోయేదాకా అవి అక్కడే ఉంటాయట. అత్త పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను ఆపి, చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేండ్లు నేసినాను. నా గుడ్డ యాడికి పోయిందో, ఎవురు కట్టుకున్యారో నాకు తెల్దు. ఒక్క గుడ్డ నా సేత్తో నేనే ఆ గాలికి కట్టి రావాల" అంది.

ఆదోనిలో పత్తి శావుకారు వాళ్లమ్మ లేకపోతే ఆ కోరిక అక్కడితో ఆగిపోయేదే. శావుకారమ్మ అనేవాళ్లం ఆవిడను. అత్త నేసిన చీరలే కట్టేది. ఆవిడ ఆ ఎండాకాలమే ఒక గుంపుతో కైలాసం పోతోంది, తోడుకు గట్టి ఒళ్లున్న ఆడమనిషి కావాలి, ఖర్చంతా తనదే.

"నువ్వు రామ్మే ఈరమ్మా. దోవలో నా కాళ్లు పిసికితే సాలు, పుణ్యం సగం సగం" అంది.

"రెండు కాళ్లూ పిసకాలంటే పుణ్యమంతా నాకే ఇయ్యాలమ్మా" అంది అత్త.

ఇక మూడు నెలలు మా ఇంట్లో అదే పండగ. చలంటే ఏమిటో తెలియని వాళ్లం గదా, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. అత్త ఒక కురుబ ముసలమ్మ దగ్గర కొత్త గొంగడి తెచ్చుకుని, మండే మధ్యాహ్నం దాన్ని నిండా కప్పుకుని చెమటలు కారుస్తూ "ఇదొకటి సాలునా, ఇంకోటి కావాల్నా?" అని మా నాయనను అడిగేది. జొన్నపేలాలు విసిరి పిండి చేసింది, చెనిక్కాయల పొడి, గురెల్లనే వెర్రినువ్వుల కారం కొట్టింది, చింతపండులో ఉప్పు దంచి ఉండలు చుట్టింది, జొన్నరొట్టెలు ఎండబెట్టి పలకల్లా పేర్చింది, కర్పూరం పాత చీర ముక్కలో మూటగట్టింది. అన్నిటికన్నా ముందు మిగిలిన రంగునూలుతో జానెడు వెడల్పున ఒక పట్టీ నేసి పెట్టుకుంది, కనుమ దగ్గర కట్టడానికి.

ఎత్తు అలవాటు కావాలని శావుకారమ్మ గుంపులో అందరినీ పొద్దున్నే ఆదోని కొండ ఎక్కించేది, మూటలతో సహా. ఒకసారి అత్త నన్నూ బస్సులో తీసుకుపోయింది. కింద జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది నూగు వచ్చి మా జుట్ల మీద వాలుతోంది. సగం కొండకే శావుకారమ్మ ఒక బండ మీద కూలబడింది.

"ఈ కొండకే గుండె నోట్లోకొచ్చె. ఆడ యెట్లమ్మే?"

"ఆడ బొచ్చు దున్నపోతులుంటాయంటమ్మా. వాటి మీద కూసోబెడతారంట."

"దున్నపోతు మీద తిరిగేది యముడొక్కడే గదమ్మే! ఆయప్ప ఎదురొచ్చి ఇది నాది, దిగు అంటే ఏం సెప్పాల?"

నవ్వి నవ్వి అత్త చేతిలో మూట జారి దొర్లిపోయింది. నాకు నవ్వు రాలేదు. ఆ దారిలో పోయినవాళ్లు కొందరు మంచులోనే ఉండిపోతారని బైరాగి అన్న మాట అందరూ మరిచిపోయారు, నేను మరిచిపోలేదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం మీద పడుగు ఉండగా దాన్ని నేసే మనిషి ఊరి పొలిమేర దాటకూడదు. పడుగంటే తెలుసు గదా, మగ్గానికి నిలువుగా బిగించే నూలు. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో బిగువున నేస్తుంది, మధ్యలో చెయ్యి మారితే గుడ్డకు అడ్డంగా గీత పడుతుంది, ఎంత ఉతికినా పోదు. అందుకే మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. అత్త వెళ్లేలోపల ఒక్క పడుగు నేసిపోదామని ఎక్కించింది. రైలు రోజుకు ఇంకా వారం ఉండగానే అయిపోవాలి అది.

ఎమ్మిగనూరు వడగాలికి పడుగు ఎండిపోయి పుటుక్కుపుటుక్కున తెగుతుంది. అందుకని పడమటి కిటికీ మూసి, దాని మీద తడి గోనెపట్టా వేలాడదీసి, గుంట చుట్టూ మాటిమాటికీ నీళ్లు చల్లాలి. ఆ పని నాది. అత్త బావికి పోయినప్పుడల్లా నేను పట్టా పక్కకు జరిపి కిటికీ తెరిచాను. గుంట దగ్గర చల్లాల్సిన నీళ్లు తీసుకుపోయి దొడ్లో పోశాను. ఆమె అడుగుల చప్పుడు వినపడగానే కిటికీ మూసేసి, ఏమీ తెలియనట్టు నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు కాదు, వరసగా చాలా రోజులు.

పోగులు తెగాయి. ఒకటి ముడేసేలోపల రెండు తెగేవి. అత్త ముందు గంజిని తిట్టింది, తర్వాత నూలును తిట్టింది, ఆ తర్వాత ఎవరినీ తిట్టకుండా తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. రైలుకు ముందురోజు ఇంకా ఒక చీర నేత మిగిలే ఉంది.

"నువ్వు పోక్కా. మిగిలింది నేను నేస్తా" అన్నాడు మా నాయన.

"గమ్మునుండప్పా. సెయ్యి మారితే గీత పడదా? నా సేతిలో ఎన్నడూ ఇట్ల తెగలేదు. రావద్దంటాండాడు ఆ కైలాసం సామి. పిలుపు లేంది యెట్ల పోయేది?"

రంగుపట్టీ మడిచి నాయన చేతిలో పెట్టింది. ఆయన ఆదోని స్టేషనుకు పోయి రైల్లో శావుకారమ్మకు ఇచ్చి వచ్చాడు. నేను లోపల్లోపల గెలిచాననుకున్నాను. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను కూడా.

కార్తీకంలో శావుకారమ్మ సగం మనిషై, ముఖమంతా కమిలిపోయి తిరిగొచ్చింది. "కట్టినానమ్మే నీ గుడ్డ, ఆ పెద్ద కనమ కాడ" అంటే అత్త అడిగింది ఒక్కటే: "ముడి గట్టిగా యేసినారా అమ్మా?"

ఆ తర్వాత ఆమె సన్ననూలు ముట్టుకోలేదు. చెయ్యి చెడిందని తనే తీర్మానించుకుని దుప్పట్లు, తువాళ్లు నేసుకుంటూ ఉండిపోయింది.

రెండేళ్లకు శావుకారమ్మ మళ్లీ ప్రయాణం కట్టి, ఈసారి తనే మా ఇంటికి వచ్చింది. "ఈతూరి పడుగే యెక్కించబోకు. మగ్గం ఖాళీగా పెట్టుకోని నాతో రా."

"వద్దులేమ్మా. ఆ పొద్దే సెప్పినాడు గదా ఆయన. కాదన్న గడప మళ్లా తొక్కుతానా?"

శావుకారమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్నా సెప్పమ్మే మీ యత్తకు."

నాకప్పుడు పదకొండేళ్లు, అన్నీ అర్థమయ్యే వయసు. వద్దన్నది సామి కాదత్తా, నేను. ఇంతే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. నేల చూసుకుంటూ, "అత్తకు ఇష్టం లేదంటాంది గదా" అన్నాను. అత్త నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది.

ఇంకొన్నేళ్లకు సరిహద్దులో గొడవలొచ్చి ఆ దారే మూసేశారు. మళ్లీ తెరిచేనాటికి ఈరమ్మత్త లేదు. దేవుడే తనను వద్దన్నాడనుకుంటూనే పోయింది.

మొన్న ఎమ్మిగనూరు పోయినప్పుడు చూశాను, మా ఇంట్లో గుంటలు పూడ్చి బండలు పరిచారు; అత్త మగ్గం ఉన్నచోట ఫ్రిజ్జు పెట్టుకున్నారు. ఆ వీధిలో ఒకప్పుడు నాడె చప్పుడులో మాట వినపడేది కాదు, ఇప్పుడు నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. కొట్లో పేలపిండి అడిగితే అదేమిటని నన్నే అడిగారు.

పొద్దున నువ్వు స్నానానికి పోయినప్పుడు మీ నాయన ఫోన్ చేశాడు. "అమ్మా, అది నీ మాటే వింటాది. నీకు ఒంట్లో బాగలేదని సెప్పు, ఊరికే, అబద్ధమే. ఆగిపోతాది" అన్నాడు. సరేనన్నాను వాడితో. ఒంట్లో నాకేమీ లేదు తల్లీ, నిక్షేపంగా ఉన్నాను. అంత ఎత్తుకు నువ్వు పోతున్నావంటే నాకు భయం, అంతే. నన్ను వదిలిపెట్టి పోతున్నావని కోపం కూడా కొంచెం ఉంది. ఆ రెండూ నావే. అది కూడా రాసుకుని, పోయిరా.